నడుం దగ్గర నల్లమచ్చ

నాకు కోపం ఎక్కువని విజయవాడలో నా వార్డు నర్సులందరికీ తెలుసు. నేను రౌండ్స్‌కి వస్తుంటే ఒకరికొకరు కళ్ళతోనే చెప్పుకుంటారు. నేను పిల్లల డాక్టర్ని, అందులోనూ ఇన్ఫెక్షన్ల డాక్టర్ని. ఆ చదువేమిటో మా అమ్మకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. చర్చిలో ఎవరైనా అడిగితే "జొరాల డాక్టరు" అని చెబుతుంది. అదేం తప్పు కాదు. మిగతా డాక్టర్ల చేతిలో వారం గడిచినా తగ్గని జ్వరాలు నా దగ్గరికి వస్తాయి. ప్రతి జ్వరంతోపాటు ఒక ప్లాస్టిక్ కవర్ కూడా వస్తుంది. అందులో చీటీలు, రిపోర్టులు, అయిపోయిన సిరప్ సీసాలు ఉంటాయి. ఆ కవర్ బల్ల మీద బోర్లించగానే నాకు సగం కోపం వచ్చేస్తుంది. మూడు రోజుల జ్వరానికి మూడు రకాల యాంటీబయాటిక్‌లు రాసి ఉంటాయి. ఏ జబ్బుకని రాశారో రాసినవాళ్ళకే తెలియదు. పిల్లకు బట్టలు విప్పి ఒళ్ళంతా చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ ఉండరు.

నేను పుట్టింది, పదో తరగతి దాకా చదివింది నందిగామలో. నాన్న ప్రభుత్వ బడిలో టీచరు. ఎక్కడెక్కడో చదివి విజయవాడ తిరిగి వచ్చాక, వారంలో ఒకరోజు ఈ మెట్ట ప్రాంతం పిల్లలకు కేటాయించాలని పట్టుబట్టి గురువారాలు జగ్గయ్యపేట రావడం మొదలుపెట్టాను. ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో వెనక గది నాది. ఒక బల్ల, బరువు చూసే మిషను, ఒక మంచం, దానికి అడ్డంగా ఆకుపచ్చ కర్టెన్. చిల్లకల్లు నుంచి, పెనుగంచిప్రోలు నుంచి, అటు తెలంగాణలో కోదాడ వైపు నుంచి కూడా పిల్లల్ని తీసుకొస్తారు.

డిసెంబరు మొదట్లో ఒక గురువారం పెనుగంచిప్రోలు అవతలి ఊరి నుంచి ఒక తల్లి ఆరేళ్ళ పాపను భుజాన వేసుకుని వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. పత్తి తీతకు వెళ్ళే మనిషని ఆమె వేళ్ళు చూస్తే తెలుస్తుంది. పత్తికాయ మొనలు గీరుకుని గోళ్ళ పక్కన చర్మం చీలిపోయి ఉంది. పాప తల నిలబెట్టడం లేదు.

"ఎన్ని రోజులైందమ్మా?"

"ఐదు రోజులండి. మా ఊరి ఆర్ఎంపీ గారు మూడు సూదులు చేశారు. తగ్గలా."

పాప ముఖం కాస్త ఉబ్బి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొట్ట మీద చెయ్యి పెడితే కాలేయం తగిలింది. గౌను తీయమన్నాను. తల్లి గది గుమ్మం వైపు చూసింది. అక్కడ లైన్లో నిలబడినవాళ్ళు లోపలికి తొంగి చూస్తున్నారు.

"ఒంటి మీద దద్దుర్లేం లేవండి. నేను చూశా."

"అయినా చూడాలమ్మా" అన్నాను. నర్సు తలుపు వేసింది. కర్టెన్ లాగాం. గౌను తీసి, లాగు ఎలాస్టిక్ కిందికి జరిపాను. కుడివైపు నడుం మడతలో బఠాణీ గింజంత నల్లటి పెచ్చు ఉంది. దాని చుట్టూ ఎర్రటి అంచు. సిగరెట్టుతో కాల్చినట్టుంటుంది ఆ మచ్చ. నొప్పి ఉండదు, దురద ఉండదు. అందుకని పిల్లలు చెప్పరు.

పొదల్లో, గడ్డిలో ఉండే ఒక పురుగు, కంటికి ఆననంత చిన్నది, కుట్టిన చోట ఆ మచ్చ పడుతుంది. ఆ కుట్టుతో ఒంట్లోకి వచ్చే జ్వరాన్ని స్క్రబ్ టైఫస్ అంటారు. వానలు తగ్గి పత్తి తీతలు సాగే రోజుల్లో మా వార్డు నిండా అవే కేసులు. మామూలుగా జ్వరాలకు చేసే సూది మందులు ఎంత ఖరీదైనవైనా దానికి పనిచేయవు. డాక్సీసైక్లిన్ అని ఒక పాత మందుంది. ఏ మందుల షాపులో అడిగినా ఇస్తారు. వేళకు పడితే రెండు రోజుల్లో పిల్ల లేచి కూర్చుంటుంది. పడకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, మెదడుకు పాకుతుంది.

ఉన్నమాట చెప్పాలి. ఆ మచ్చ కనపడగానే నాకు సంతోషం వేసింది. ఐదు రోజులుగా ఎవరికీ దొరకనిది నాకు రెండు నిమిషాల్లో దొరికింది. నర్సును పిలిచి, "చూశావా, ఇదీ ఎస్కార్ అంటే. విప్పకపోతే కనపడేదా?" అన్నాను. గొంతులో గర్వం నాకే వినపడింది.

వెనక నుంచి చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే ఆ తల్లి నేల మీద కూర్చుని ఉంది. పడిపోయిందేమో అనుకున్నాను. పడలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని పాప నడుం వైపే చూస్తోంది.

"మా పెద్దదానికీ ఇలాగే ఉండేదండి" అంది.

"పెద్దమ్మాయికా? ఇప్పుడెక్కడుంది?"

"లేదండి. దసరా వెళ్ళిన వారానికి పోయింది. పదేళ్ళు. జొరమే."

నేను మెల్లగా అడిగాను. "ఆ మచ్చ ఎవరికైనా చూపించావా అమ్మా?"

"చూపించా. నందిగామలో పెద్ద డాక్టరు గారికి చూపించా. లంగా బొందు ఒరుసుకుని పుండు పడిందేమోనండీ అన్నా. ఆయన చూసి ఆయింట్‌మెంట్ రాశారు. రోజూ రాశానండి."

పెద్దపిల్ల కాగితాలు కూడా ఆమె కవర్లోనే ఉన్నాయి. ఇద్దరివీ కలిసిపోయాయి. నాలుగు రోజులు నందిగామలో పడుకోబెట్టారు. సెలైన్లు, పెద్ద పెద్ద యాంటీబయాటిక్‌లు ఎక్కించారు. డెంగ్యూ పరీక్షలో ఏమీ రాలేదు, అయినా డెంగ్యూ అనే రాశారు. ఐదో రోజు ఆయాసం మొదలైతే విజయవాడ తీసుకెళ్ళమన్నారు. అంబులెన్స్‌లో, దారిలోనే పోయింది. ఆ చీటీల పైన అచ్చువేసిన పేరు నాకు ఆరేళ్ళ వయసు నుంచి తెలుసు.

తల్లి నన్ను సూటిగా చూసింది. "అయితే దానికి కూడా ఇదే జొరమా అండి?"

"కాగితాలన్నీ చూసి చెబుతా. ముందు ఈ పాప సంగతి చూద్దాం" అన్నాను. తెలిసి కూడా దాటేశాను.

పాపను విజయవాడ తీసుకెళ్దామంటే ఆమె ఒప్పుకోలేదు. "ఆ రోడ్డున నేను పోలేనండి. ఏం చేసినా ఇక్కడే చెయ్యండి" అంది. జగ్గయ్యపేటలోనే చేర్చుకున్నాం. ఆ సాయంత్రమే మందు మొదలుపెట్టాం. నేను శుక్రవారం విజయవాడ పనులు మానుకుని అక్కడే ఉండిపోయాను. శనివారం ఉదయానికి జ్వరం దిగింది. పాప లేచి కూర్చుని ఇడ్లీ అడిగింది. తల్లి ఇడ్లీ తుంచి పెడుతూ ఏడ్చింది. ఎవరి కోసం ఏడుస్తోందో నేను అడగలేదు.

ఆ మధ్యాహ్నమే కారు నందిగామలో ఆపాను.

ఆ పెద్దాయన గురించి చెప్పకపోతే నా కోపం ఎంత పెద్దదో తెలియదు. నాకు ఏడో తరగతిలో టైఫాయిడ్ వచ్చినప్పుడు చూసింది ఆయనే. అప్పట్లో కొందరు డాక్టర్లు మా పేట పిల్లల్ని బల్లకు అవతలే నిలబెట్టి నాలుక చాపమనేవాళ్ళు. ఈయన దగ్గరికి లాక్కుని, పొట్ట నొక్కి, చొక్కా ఎత్తి వీపు చూసి, చెవి వెనక కూడా చూసేవాడు. "ఈ పిల్ల చూపు బాగుంది మాస్టారూ, డాక్టర్ని చెయ్యండి" అని నాన్నతో అన్నదీ ఆయనే. పిల్లను బట్టలు విప్పి చూడాలన్నది నేను మెడికల్ కాలేజీలో నేర్చుకోలేదు. ఆయన మంచం మీద పడుకుని నేర్చుకున్నాను. అలాంటి మనిషి ఆ మచ్చ చూసి ఆయింట్‌మెంట్ రాశాడు. దారి పొడుగునా ఆయనతో అనబోయే మాటలు పైకే అనుకుంటూ వచ్చాను.

ఆయన ఓపీ అప్పుడే అయిపోతోంది. డెబ్బై దాటాయి ఆయనకి. చేతులు కొద్దిగా వణుకుతున్నాయి. నన్ను చూసి ముఖం విప్పారింది.

"ఏమ్మా, చెప్పాపెట్టకుండా వచ్చావు? కాఫీ తాగుతావా?"

"వద్దు సార్" అని పెద్దపిల్ల చీటీ తీసి బల్ల మీద పెట్టాను.

కళ్ళద్దాలు పైకి తోసుకుని చదివాడు. "ఆ పిల్లా? పోయిందటగా. పాపం, దారిలోనే అయిపోయిందని విన్నా."

"నడుం దగ్గర పుండు చూశారా సార్?"

"చూశా. చూసేగా ఆయింట్‌మెంట్ రాసింది."

"అది పుండు కాదు సార్. ఎస్కార్. స్క్రబ్ టైఫస్. అది కనపడ్డాక టెస్టు కోసం కూడా ఆగక్కర్లేదు. ఆ పిల్ల చెల్లెలికి ఇప్పుడు అదే వచ్చింది, నేను మందు మొదలుపెట్టా, పొద్దున ఇడ్లీ తింది. మీరు నాలుగు రోజులు ఉంచుకున్నారు సార్. నాలుగు రోజులు."

నా గొంతు బయటికి వినపడుతోందని తెలుసు. కాంపౌండర్ వచ్చి తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు. పెద్దాయన చీటీని తిప్పి వెనక చూశాడు. అక్కడేమీ లేదు.

"మేం చదువుకునేటప్పుడు ఆ జబ్బు పుస్తకంలో పావు పేజీ ఉండేదమ్మా."

"ఇప్పుడు వార్డు నిండా ఉంది సార్. రెండేళ్ళ క్రితం నేనే ఇక్కడికి వచ్చి మీ అందరికీ చెప్పా. బొమ్మలు చూపించా. మీరు ముందు వరసలో కూర్చున్నారు."

"కూర్చున్నా. విన్నా కూడా" అన్నాడు ఆయన. గొంతులో విసుగు లేదు. "నాకు అనుమానం వచ్చిందమ్మా. అందుకేగా ఫోటో తీసి నీకు పంపింది."

నాకు అర్థం కాలేదు. "ఏం ఫోటో?"

"వాట్సాప్‌లో పంపా. రిపోర్టులతోపాటు. నువ్వు సమాధానం కూడా ఇచ్చావు."

ఫోన్ తీశాను. ఆయన పేరు వెతికి పైకి జరుపుకుంటూ వెళ్ళాను. దీపావళి శుభాకాంక్షలు, అంతకు ముందు ఎవరిదో పెళ్ళి పత్రిక, అంతకు ముందు ఒకే చదరంలో నాలుగు ఫోటోలు. మొదటిది రక్త పరీక్ష. రెండోది ప్లేట్‌లెట్లు. మూడోది ఛాతీ ఎక్స్‌రే. నాలుగోదాని మీద వేలు పెట్టాను. అది పెద్దదైంది. ఒక పిల్ల నడుం. పక్కకు లాగి పట్టుకున్న లంగా అంచు. మధ్యలో నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు. నేను పాఠం చెప్పేటప్పుడు చూపించే ఫోటోలకంటే స్పష్టంగా ఉంది.

దాని కింద నేను రాసింది ఉంది. "డెంగ్యూ లాగే ఉంది సార్. ఇదే కంటిన్యూ చేయండి." పక్కన పైకెత్తిన బొటనవేలు. దాని కింద ఆయన పెట్టిన రెండు చేతుల దండం.

ఆ రోజు నేనెక్కడున్నానో తేదీ చూడగానే గుర్తొచ్చింది. మా ఆసుపత్రిలో మీటింగ్. యాంటీబయాటిక్‌లు విచ్చలవిడిగా వాడకుండా నియమాలు రాస్తున్నాం. పెద్ద బల్ల చుట్టూ పది మంది డాక్టర్లం. నేను ఊళ్ళలో డాక్టర్ల మీద, ఆర్ఎంపీల మీద మండిపడుతూ మాట్లాడాను. ఆ మాటల మధ్యలో ఫోన్ తీసి, మొదటి రెండు రిపోర్టులు చూసి, బల్ల కిందే సమాధానం కొట్టి ఉంటాను. మిగతా రెండూ తెరిచిన గుర్తు లేదు. తెరిచి ఉంటే గుర్తుండేది.

"నువ్వు చూసి ఏమీ అనలేదు కదా" అన్నాడు పెద్దాయన. "నీకంటే బాగా ఎవరికి తెలుసు? అది కాదులే అనుకున్నా."

ఆయన నిష్ఠూరంగా అనలేదు. జరిగింది చెప్పాడంతే. అంతదాకా ఆయన మీద ఉన్న కోపం ఎక్కడికీ పోలేదు, తగ్గలేదు. ఫోటో పంపి ఊరుకోకుండా ఒక్కసారి ఫోన్ చేసి ఉండొచ్చు కదా అనుకున్నాను. అనుమానం వచ్చినప్పుడు ఆ మందు కూడా ఒకటి పడేసి ఉండొచ్చు కదా అనుకున్నాను. పది రకాలు ఎక్కించినవాడికి అదొక్కటే బరువైందా. ఇన్ని అనుకుంటూనే ఫోన్ చూస్తున్నాను. ఆ బొటనవేలు అక్కడే ఉంది.

ఆయన చీటీ మడిచి నా వైపు జరిపాడు. "ఆ తల్లికి చెప్పకమ్మా. చెబితే ఆ పిల్ల తిరిగొస్తుందా? కడుపుకోత మీద కారం చల్లినట్టే కదా. నా కోసం చెప్పడం లేదు. నీ కోసమూ కాదు."

నేను లేచాను. ఆయన అన్నది సరిగ్గా నాకు కావలసిన మాట. అందుకే అంత మండింది. "ఆమె అడిగింది సార్" అని మాత్రం అని వచ్చేశాను. కాఫీ తాగలేదు. నమస్కారం కూడా పెట్టలేదు.

తర్వాతి గురువారం ఆమె పాపను మళ్ళీ చూపించడానికి వచ్చింది. ఈసారి భర్త కూడా వచ్చాడు. పెనుగంచిప్రోలు, జగ్గయ్యపేటల మధ్య ఆటో నడుపుతాడు. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. పాప బరువు చూసే మిషను ఎక్కి దిగి ఆడుతోంది. నేను వాళ్ళను చివరి వరకు కూర్చోబెట్టాను. లైన్ అంతా అయిపోయాక తలుపు వేయించాను.

నేను మొదలుపెట్టకముందే ఆమె అడిగింది. "కాగితాలు చూశారా అండి?"

"చూశానమ్మా. పెద్దమ్మాయికి వచ్చిందీ ఇదే జ్వరం."

"మందు ఉందిగా."

"ఉంది. అప్పుడు ఆ మందు పడలేదు. పడి ఉంటే బతికే అవకాశం చాలా ఉండేది."

భర్త గుమ్మం వదిలి లోపలికి వచ్చాడు. ఆమె కదల్లేదు. నేను ఆగితే ఇక చెప్పలేనని తెలిసి ఆగకుండా చెప్పాను. నందిగామ డాక్టరు గారికి అనుమానం వచ్చిందని, ఫోటో తీసి నాకు పంపారని, నేను సరిగ్గా చూడకుండా సమాధానం ఇచ్చానని చెప్పాను. తప్పులో ఆయనది ఎంతో నాది ఎంతో తూకం వేయలేదు. ఆయనకు నేను తెలుసు, నన్ను నమ్మారు, నేను చూడలేదు అన్నాను. ఫోన్ తీసి ఆ ఫోటో ఆమె చేతికి ఇచ్చాను.

ఆమె నా మాట వినడం మానేసి ఫోటో చూసింది. చాలాసేపు చూసింది. వేలితో తెర మీద తాకితే ఫోటో జరిగింది. ఉలిక్కిపడి మళ్ళీ సర్దుకుంది.

"ఈ చెయ్యి నాదండి" అంది. లంగా అంచు పక్కకు లాగి పట్టుకున్న వేళ్ళు చూపించి. "నేను పట్టుకుంటే డాక్టరు గారు తీశారు. నేను చూపిస్తానే ఉన్నా కదండి."

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టింది.

"ఆయనకి చూపించా. ఆయన మీకు చూపించాడు. మా ఊరి ఆర్ఎంపీకీ చూపించా. పత్తి తీసేదాన్ని, నాకు కనపడింది. చదువుకున్నోళ్ళకి మీకు కనపళ్ళా?"

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. భర్త, "పద" అని పాప చెయ్యి పట్టుకున్నాడు. ఆమె లేచి రెండడుగులు వేసి ఆగింది. "ఆ ఫోటో మా ఆయన ఫోన్‌కి పంపండి. దాని ఫోటోలు మా దగ్గర ఎక్కువ లేవు. పక్కన గాజుల చెయ్యి కనపడతంది" అంది. నేను చూడనే లేదు. ఫోటో మూలన, మంచం మీద వాల్చిన చిన్న చేతికి ఎర్ర గాజులు ఉన్నాయి.

పంపాను. వాళ్ళు వెళ్ళిపోయారు. పాపకు మిగిలిన మందు బల్ల మీదే మర్చిపోయారు. కాసేపటికి భర్త ఒక్కడే వచ్చి తీసుకెళ్ళాడు. ఎన్ని రోజులు వెయ్యాలో మళ్ళీ ఒకసారి అడిగాడు. చెప్పాను. నా ముఖం వైపు చూడకుండానే తల ఊపాడు.

ఆ తర్వాత నేను చేసిన మొదటి పని నందిగామ, జగ్గయ్యపేట డాక్టర్లను ఒకచోటికి పిలవడం. ఆ కేసు పేర్లు తీసేసి చెబుతానన్నాను. ఏర్పాట్లు చూసే డాక్టరు ముందురోజు ఫోన్ చేశాడు. "మేడమ్, జబ్బు గురించి చెప్పండి చాలు. మన గుట్టు మనమే బయట పెట్టుకోవడం ఎందుకు? రేపు ఎవరైనా కేసు వేస్తే?"

"వేయనివ్వండి" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ధైర్యం ఉందో లేదో అప్పటికి తెలియదు. కోపం మాత్రం ఉంది.

చెప్పాను. ఫోటో తెర మీద పెట్టాను. తర్వాత నా సమాధానం పెట్టాను, బొటనవేలుతో సహా. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకాయన మాత్రం లేచి, రోజుకు నూట యాభై మందిని చూసేవాడు ప్రతి పిల్లకూ బట్టలు విప్పి చూడాలంటే కుదిరే పనేనా అని అడిగాడు. కుదరకపోతే నూట యాభై మందిని చూడకండి అన్నాను. ఆయన కూర్చోలేదు, బయటికి వెళ్ళిపోయాడు. ఆ నెల నుంచి కొందరు నా దగ్గరికి పిల్లల్ని పంపడం మానేశారు. కొందరు మాత్రం ఫోన్ చేసి అడుగుతున్నారు. ఫోటో పంపితే ఇప్పుడు నేను సమాధానం రాయను. ఫోన్ చేస్తాను. పిల్ల ఒళ్ళు తల నుంచి కాళ్ళ దాకా చూశారా అని అడుగుతాను. విసుక్కుంటారు. విసుక్కోనీ.

పెద్దాయన ఆ మీటింగుకు రాలేదు. నాకు ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. మరుసటి వానాకాలంలో ఒక తల్లి నా దగ్గర కూర్చుని ఆయన మీద ఫిర్యాదు చేసింది. "జలుబంటే కూడా గౌను విప్పించారండి. కొత్తగా ఒక నర్సమ్మని పెట్టారు, ఆవిడ చంకల్లో, గజ్జల్లో, తలలో అన్నీ వెతుకుద్ది. ఇంతోటి జలుబుకి ఇంత తతంగమా" అంది. ఆ సంగతి విని ఆయన మీద నా కోపం చల్లారిందని చెబితే అబద్ధం. కాకపోతే ఆయన ఆసుపత్రి గుమ్మం ముందునుంచి కారు వెళ్తున్నప్పుడు ఇప్పుడు అటు చూస్తున్నాను.

ఆ వానాకాలం దాటాక, మళ్ళీ పత్తి తీతలు మొదలయ్యాక, ఒక గురువారం ఆమె వచ్చింది. పాపకు ఏడేళ్ళు నిండాయి. పొడుగైంది. నేను గుర్తుపట్టి లేవబోయాను. ఆమె కూర్చోమన్నట్టు చెయ్యి ఊపింది.

"నాకు మీ మీద కోపం పోలేదండి" అంది. "పోదు కూడా. కానీ పాపకి రెండు రోజుల నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది, దగ్గుతంది. మీకే చూపించాలనిపించింది."

"చూస్తానమ్మా."

పాప సిగ్గుపడి గౌను తీయనంది. తల్లే కర్టెన్ లాగి నిలబడింది. నడుం, చంకలు, మెడ, చెవుల వెనక, జుట్టు పాయలు తీసి తల అంతా చూశాను. పాత మచ్చ ఆనవాలు లేత గోధుమరంగులో మిగిలింది, అంతే. గొంతు కొంచెం ఎర్రగా ఉంది. ఊపిరితిత్తులు బాగున్నాయి. మామూలు దగ్గు, జలుబు. జ్వరం ఎక్కువైతే వెయ్యడానికి పారాసిటమాల్ రాసి, గోరువెచ్చటి నీళ్ళు తాగించమన్నాను.

ఆమె చీటీ చూసి నన్ను చూసింది. "ఇంకేం మందు లేదా అండి?"

"అక్కర్లేదమ్మా. ఇది దానంతటదే పోతుంది. యాంటీబయాటిక్ వేస్తే ఉపయోగం లేదు."

"రాయకపోతే మళ్ళీ ఏదన్నా అవుద్దేమోనండి."

ఏళ్ళ తరబడి ఈ మాటకు నేను కసిరాను. నీకు తెలుసా నాకు తెలుసా అన్నాను. ఆ రోజు కసరలేకపోయాను. అలా అని రాయనూ లేదు. నా సొంత నంబరు చీటీ వెనక రాసిచ్చి, "రేపు పొద్దున ఎలా ఉందో నాకు ఫోన్ చెయ్యి. ఎక్కువైతే నేనే వస్తా" అన్నాను.

ఆమె ఆ నంబరు చదువుకుని చీటీ మడిచి జాకెట్లో పెట్టుకుంది.

"చేస్తా. ఎత్తాలి మీరు" అంది.

మర్నాడు ఏడింటికి ఫోన్ మోగింది. వార్డులోకి అడుగు పెడుతున్నాను, గుమ్మంలోనే ఆగి ఎత్తాను. పాపకు ఒళ్ళు చల్లబడిందని, అన్నం తిన్నదని, బడికి పోతానంటోందని చెప్పింది. పంపించొచ్చా అని అడిగింది. పంపించు అన్నాను. సరేనండి అని పెట్టేసింది.